పైనుంచి తీసిన ఫోటోలో మీ చెల్కను చదవడం ఎలా

మా పెద్దనాన్నకు దేవరకొండ దగ్గర నాలుగెకరాల చెల్క ఉంది. ఏటా పత్తి పెడతాడు, ఏటా చెల్క నడుమ ఒక చోట మొక్క మోకాలు దాటదు. పెంట ఎక్కువ తోలాడు, విత్తనం మార్చాడు, మందు మార్చాడు. ఒకసారి మే నెలలో తీసిన ఉపగ్రహ చిత్రం కంప్యూటర్లో తెరిచి ఆయనకు చూపించాను. ఎర్రటి నేల మధ్యలో పాలిపోయిన పట్టీ ఒకటి కొడవలిలా వంగి కనిపించింది. చాలాసేపు చూసి, "గీ తెల్లగున్న కాడనేరా పత్తి రాంది" అన్నాడు. మర్నాడు గడ్డపార పట్టుకుని పోయాం. పట్టీ బయట రెండున్నర అడుగుల దాకా ఎర్రమన్ను. పట్టీ లోపల జానెడు దిగగానే గడ్డపార ఖంగుమంది. మొరం.

నలభై ఏళ్లుగా ఆ భూమి దున్నుతున్న మనిషికి ఆ చోటు తెలియక కాదు. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఎంత ఉందో పైనుంచి చూస్తేనే తెలిసింది. కొలిస్తే ముప్పై గుంటలు తేలింది. ఇప్పుడు ఆ ముప్పై గుంటల్లో ఉలవలు చల్లుతున్నాడు. అక్కడ పెట్టే యూరియా డబ్బులన్నా మిగులుతున్నాయి.

నేను పిల్లలకు భూగోళం చెబుతాను. ఎయిర్ ఫోటోలు చదవడం అనేది పుస్తకంలో పరీక్ష కోసం చదివే పాఠంగా మిగిలిపోకూడదని నా పట్టుదల. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో భూమి కొనేవాళ్లు, కౌలుకు పట్టేవాళ్లు, బత్తాయి తోట పెట్టాలనుకునేవాళ్లు, బోరు వేయాలనుకునేవాళ్లు, ప్రాజెక్టు రాసే విద్యార్థులు, అందరికీ పనికొచ్చే విద్య ఇది. ఎలా చేయాలో నేను చేసే వరసలోనే చెబుతాను.

ముందు ఫోటో సంపాదించాలి

విమానం నుంచి తీసిన అసలైన ఎయిర్ ఫోటో 23 సెంటీమీటర్ల చదరం. విమానం వరసగా పోతూ తీసిన ఒక్కో ఫోటో దాని ముందు ఫోటోతో దాదాపు 60 శాతం కలుస్తుంది, పక్క వరసతో 30 శాతం దాకా కలుస్తుంది. అలా కలిసిన రెండు ఫోటోలను స్టీరియోస్కోప్ అనే జంట అద్దాల పరికరం కింద పెడితే గుట్టలు పైకి లేచి కనిపిస్తాయి. ఇవి మన దేశంలో చాలాకాలం రక్షణ అనుమతుల మధ్యనే ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో జియోస్పేషియల్ మార్గదర్శకాలు వచ్చాక కట్టుబాట్లు సడలాయి. అయినా మామూలు రైతుకు అవి ఇప్పటికీ చేతికందే వస్తువు కాదు. భూగోళ శాస్త్రం చెప్పే కాలేజీ ల్యాబ్‌లో పాత జతలు ఉంటే అడిగి చూడండి. ఒక్కసారి స్టీరియోస్కోప్‌లో గుట్ట లేవడం చూసినవాళ్లు ఆ తర్వాత ఏ చిత్రాన్నయినా వేరే కళ్లతో చూస్తారు.

రోజూ వాడుకోవడానికి ఉచితంగా దొరికేవి ఇవి. గూగుల్ ఎర్త్ ప్రో కంప్యూటర్లో వేసుకోండి. 2015 నుంచి దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఇల్లూ చెట్టూ విడివిడిగా కనిపించేంత స్పష్టత ఉంటుంది, పాత తేదీలకు వెనక్కి జరుపుకోవచ్చు. ఇస్రో వారి భువన్ అనే మ్యాపుల వెబ్‌సైట్ ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్సీ, అంటే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, దాన్ని నడుపుతుంది. ఉపగ్రహాల నుంచి సమాచారం అందుకునే దాని కేంద్రం షాద్‌నగర్‌లో, అంటే ఒకప్పటి మన పాలమూరు జిల్లాలోనే ఉంది. మన నెత్తిన తిరిగే ఉపగ్రహం తీసిన చిత్రం మన ఊళ్ల పక్కనే దిగుతోందన్నమాట. ఇక యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అయిదు రోజులకొకటి వస్తుంది.

ఈ సెంటినెల్ గురించి ఒక మాట ఆగి చెప్పాలి. అందులో ఒక్కో చుక్క నేలమీద పది మీటర్ల చదరం. మన గుంట 33 అడుగుల చదరం, అంటే 121 చదరపు గజాలు. మీటర్లలోకి మారిస్తే పది మీటర్ల చదరానికి ఇంచుమించు సమానం. కాబట్టి సెంటినెల్ చిత్రంలో ఒక్కో చుక్క ఒక్కో గుంట, నలభై చుక్కలు ఒక ఎకరం. ఎవరూ కావాలని అలా చేయలేదు గానీ మనకు మాత్రం లెక్క నోటికొచ్చేలా కుదిరింది. అర ఎకరం మడిని సెంటినెల్‌లో చూస్తే ఇరవై చుక్కలే ఉంటాయి, అందులో గెట్టు మీద పడ్డవి పక్కవాడి పంటతో కలిసిపోతాయి. అందుకే రెండెకరాల లోపు కమతానికి ఆ చిత్రం మీద ఎక్కువ భరోసా పెట్టుకోకండి. అక్కడ గూగుల్ ఎర్త్ కావాలి, లేదా డ్రోన్ కావాలి.

తేదీ చూడకుండా ఒక్క మాటా అనకండి

చిత్రం కింద తేదీ ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. ఫోన్‌లో తెరిచిన చిత్రం మూడేళ్ల కిందటిది కావచ్చు, దాన్ని ఇవాళ్టిదే అనుకుని మాట్లాడతారు.

మన దగ్గర మూడు కాలాలు వేర్వేరు సంగతులు చెబుతాయి. ఏప్రిల్, మే నెలల్లో చెల్కలు ఖాళీగా ఉంటాయి కాబట్టి నేల రంగు బయటపడుతుంది. మట్టి గురించి తెలుసుకోవాలంటే ఇదే కాలం. అక్టోబరు చివర, నవంబరులో మబ్బు పోయి ఆకాశం తేటపడుతుంది. పత్తి, కంది నిండుగా ఉంటాయి. వానకాలం పంట ఎట్లా ఉందో అప్పుడు చూడాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పచ్చగా ఉన్నదంటే అక్కడ నీళ్లున్నట్టే. కాలువ నీళ్లో, బోరు నీళ్లో, చెరువు నీళ్లో మళ్లీ చూసుకోవాలి. జులై, ఆగస్టు చిత్రాల మీద ఆశ పెట్టుకోవద్దు, మబ్బులే కనిపిస్తాయి.

ఒకే ఏడాది ఈ మూడు కాలాల చిత్రాలు దించుకుంటే సగం పని అయినట్టే.

స్కేలు తేల్చుకోవడం

కాగితం మీద అచ్చువేసిన ఫోటో అయితే స్కేలు ముందు కావాలి. విమానం ఫోటోకు సూత్రం తేలిక. కెమెరా ఫోకల్ లెంగ్త్‌ను నేల నుంచి విమానం ఎత్తుతో భాగించాలి. 152 మిల్లీమీటర్ల కెమెరాతో 3040 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే 1:20,000 వస్తుంది. ఆ వివరాలు లేకపోతే ఫోటోలోనూ నేలమీదా రెండింట్లో దొరికే రెండు గుర్తులు పట్టుకోండి. రోడ్డు మీది మోరీ ఒకటి, గుడి మలుపు ఒకటి అనుకుందాం. ఫోటోలో వాటి మధ్య 4.6 సెంటీమీటర్లు ఉంది. టేపుతోనో బండి మీటరుతోనో కొలిస్తే నేలమీద 920 మీటర్లు వచ్చింది. 92,000 సెంటీమీటర్లను 4.6తో భాగిస్తే 20,000. ఒక సెంటీమీటరు అంటే 200 మీటర్లు.

గుర్తులు రెండూ దాదాపు ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి గుట్ట మీద, ఇంకొకటి వాగులో పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. ఎత్తుగా ఉన్నవి ఫోటో నడిమధ్య నుంచి బయటికి ఒరిగినట్టు పడతాయి. అందుకే అంచుల దగ్గర కొలతలు తీయకండి, ఫోటో మధ్య భాగంలోనే తీయండి.

విస్తీర్ణానికి నాకు నచ్చిన పద్ధతి ట్రేసింగ్ గ్రాఫ్ షీటు. ఫోటోను 1:10,000కు పెద్దది చేయించుకోండి. అప్పుడు ఒక మిల్లీమీటరు గడి నేలమీద పది మీటర్ల చదరం, అంటే మళ్లీ మన గుంటే. గ్రాఫ్ షీటు పరిచి, చెల్క హద్దు పెన్సిలుతో గీసి, లోపలి చిన్న గళ్లు లెక్కపెట్టండి. సగానికి మించి లోపల ఉన్న గడిని ఒకటిగా, అంతకు తక్కువైతే సున్నాగా తీసుకోండి. 330 గళ్లు వస్తే 330 గుంటలు, 8 ఎకరాల 10 గుంటలు. గుంటకు చదరపు మీటరు పైచిలుకు తేడా ఉంది కాబట్టి సరిచేస్తే 8 ఎకరాల 6 గుంటలవుతుంది. అంచనాకు ఇది చాలు. పెన్సిలు గీత లావుగా ఉంటే మాత్రం మోసమే. 1:20,000 ఫోటోలో రెండు సెంటీమీటర్ల చదరాన్ని ఒక మిల్లీమీటరు ఎక్కువ కొలిస్తే 16 హెక్టార్లు 17.6 అవుతుంది. నాలుగెకరాలు ఊరికే పుట్టుకొచ్చినట్టు.

గూగుల్ ఎర్త్‌లో అయితే బహుభుజి గీసే పనిముట్టు ఉంది, హద్దు చుట్టూ నొక్కుకుంటూ పోతే విస్తీర్ణం అదే చెబుతుంది. అయినా పిల్లలతో ముందు గ్రాఫ్ షీటు మీదే చేయిస్తాను. చేత్తో లెక్కపెట్టినవాడికే ఎకరం ఎంతో కంటికి తెలుస్తుంది. పాలమూరు పక్కన పిల్లలమర్రి ఉంది కదా, మూడెకరాల మర్రి అంటారు. దాని నీడ హద్దు గీసి, గళ్లు లెక్కపెట్టి, మూడెకరాలు వస్తుందో లేదో చూడమంటే క్లాసంతా పోటీపడి చేస్తుంది.

గుట్ట గుంతలా కనిపిస్తే

ఇది మొదటిసారి చూసేవాళ్లందరికీ ఎదురవుతుంది. ఉత్తరం పైకి పెట్టి చూస్తే చలికాలం చిత్రాల్లో గుట్ట గుంతలాగా, వాగు గట్టులాగా కనిపిస్తుంది. మన కంటికి వెలుగు పైనుంచి పడటం అలవాటు. చిత్రంలో సూర్యుడు కింది వైపు, అంటే దక్షిణాన ఉంటాడు. ఫోటోను తలకిందులు చేయండి, నీడలు మీ వైపు పడేలా పెట్టుకోండి. అంతే, గుట్టలు గుట్టలవుతాయి. స్టీరియో జతలో కుడి ఫోటో, ఎడమ ఫోటో తారుమారు చేసినా ఇదే తిరకాసు వస్తుంది.

ఇక చదవడం

రంగు, నునుపు లేదా గరుకుతనం, ఆకారం, పరిమాణం, అమరిక, నీడ, ఉన్న చోటు, చుట్టూ ఏమున్నాయి అనే ఎనిమిదింటిని పట్టుకుని చూడాలని పుస్తకాలు చెబుతాయి. అందరూ రంగు దగ్గరే ఆగిపోతారు. రంగు ఒక్కటే నమ్మితే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా చిన్నాయన కౌలుకు భూమి వెతుకుతున్నాడు. ఏప్రిల్ చిత్రంలో ఒక కుంట పక్కన ముదురు పచ్చగా ఆరేడెకరాలు కనిపించాయి. ఎండాకాలంలోనూ అంత పచ్చగా ఉందంటే నీళ్లు బాగున్నాయి అని చెప్పాను. ఆయన నా మాట మీద వెళ్లి మాట్లాడి, ఐదు వేలు బయానా ఇచ్చి వచ్చాడు. తర్వాత ఇద్దరం పోయి చూస్తే అంతా సర్కారు తుమ్మ. నేల బీటలు వారి ఉంది. పైగా అది శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే చోటు, పట్టా భూమి కానే కాదు. ఆ ఐదు వేలు తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ, నేను ఆ రోజు నుంచి గరుకుతనం చూడకుండా పచ్చదనం గురించి మాట్లాడను.

చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే తేడా తేలికే. వరి మడి బట్ట పరిచినట్టు నున్నగా ఉంటుంది, ఒడ్లు సన్నటి గీతలుగా మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. సర్కారు తుమ్మ ఉండలు ఉండలుగా, హద్దూ పద్దూ లేకుండా పరుచుకుని, తరచుగా చెరువు శిఖంలోనో వాగు ఒడ్డునో ఉంటుంది. పత్తి చెల్క అక్టోబరులో గరుకుగా, సాళ్లు సాళ్లుగా, మధ్యలో ఎర్రమన్ను తొంగిచూస్తూ ఉంటుంది. బత్తాయి తోట ముగ్గుచుక్కలు పెట్టినట్టు సమానమైన దూరంలో చుక్కలు. ఎక్కడ చుక్క లేదో అక్కడ చెట్టు చచ్చిపోయింది. తోట కొనేముందు ఈ ఖాళీలు లెక్కపెట్టండి. అవి విడివిడిగా చెదిరి ఉంటే ఒక సంగతి, ఒకే మూలన గుంపుగా ఉంటే ఆ మూల నీళ్లు నిలుస్తున్నాయా, కింద సున్నపురాయి పొర ఉందా అని తవ్వి చూడాల్సిందే. జామాయిల్ తోట సూటి అంచులతో దట్టంగా ఉంటుంది, కొట్టేశాక ఒక్కసారిగా ఖాళీ అవుతుంది.

తాటిచెట్టు పైనుంచి చిన్న నక్షత్రంలా ఉంటుంది. అదే చెట్టని ఒప్పించేది నీడ. పొద్దున తీసిన చిత్రంలో సన్నటి కాండం నీడ, దాని చివర గుండ్రటి తల నీడ విడిగా పడతాయి. ఈతచెట్టు నీడ అంత పొడుగు ఉండదు. మోటబావి నల్లటి చదరం లేదా గుండ్రం, దాని ఒక పక్కన మోట కొట్టేటప్పుడు ఎద్దులు నడిచిన వాలుదారి గుర్తు ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తుంది. అలాంటి బావి ఎక్కడుందో అక్కడ ఒకప్పుడు తక్కువ లోతులోనే నీళ్లుండేవని అర్థం.

ఇప్పుడు నేల. మనది ఎక్కువగా గ్రానైట్, నైస్ రాళ్ల నేల. దాని మీద ఏర్పడ్డ చెల్క, దుబ్బ లేత ఎరుపులో కనిపిస్తాయి. గుట్ట కింద లేతగా, దిగువకు పోయేకొద్దీ ముదురుగా మారుతుంది, మెత్తటి మన్ను కొట్టుకుపోయి కిందకు చేరుతుంది కాబట్టి. నల్లరేగడి ముదురు బూడిద రంగు. పల్లంలో, చెరువు కింద, కృష్ణ, తుంగభద్ర ఒడ్డున అలంపూర్, గద్వాల వైపు పరుచుకుని ఉంటుంది. మే నెల చిత్రంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక ఆయకట్టు కింద పల్లపు మడుల్లో మెరిసే తెల్లటి మరకలు కనిపిస్తే చౌడు పట్టిందేమో అనుమానించండి. అదే తెలుపు గుట్ట పక్కన గరుకుగా, నీడలతో ఉంటే అది బండ. వాగులో పొడుగ్గా ఉంటే ఇసుక. ఒకే తెలుపు మూడు చోట్ల మూడు అర్థాలు. ఉన్న చోటు చూడమనేది అందుకే.

హాలియా, మిర్యాలగూడ వైపు చిత్రం తెరిస్తే సాగర్ ఎడమ కాలువ ఒక గీతలా కనిపిస్తుంది. మార్చి నెలలో ఆ గీతకు దిగువన పచ్చగా, ఎగువన ఎర్రగా రెండు దేశాల్లా ఉంటుంది. మట్టి మారలేదు, వాన మారలేదు, నీళ్లు వచ్చాయి. భూమి విలువలో నీళ్ల వాటా ఎంతో పిల్లలకు చెప్పడానికి నాకు దీన్ని మించిన బొమ్మ దొరకలేదు.

కంటికి కనిపించని రంగు

సెంటినెల్, అమెరికా వారి లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో ఇన్‌ఫ్రారెడ్ కాంతి కూడా నమోదవుతుంది. దాన్ని ఎరుపుగా చూపించే చిత్రాన్ని ఎంచుకుంటే ఆరోగ్యంగా ఉన్న పంట నిగనిగలాడే ఎరుపులో ఉంటుంది, వాడిపోయింది వెలిసిపోయినట్టు ఉంటుంది. ఎన్‌డీవీఐ అనే, పచ్చదనాన్ని కొలిచే లెక్క కూడా కోపర్నికస్ బ్రౌజర్లోనే ఉంది. ఖాళీ నేలకు 0.1, 0.2 దగ్గర వస్తుంది, దట్టమైన పంటకు 0.6 దాటుతుంది. ఒక్క అంకె చూసి కంగారు పడొద్దు. మీ చెల్కకు పక్క చెల్కతోనూ, మీ చెల్కకే కిందటేడాదితోనూ పోల్చండి. అదే పంట, అదే వారం అయితేనే పోలిక చెల్లుతుంది. పది రోజులు ఆలస్యంగా విత్తిన పత్తి రోగం వచ్చినట్టే కనిపిస్తుంది.

పాత కాలానికి వెళ్లండి

భూమి కొనేవాళ్లకు ఈ పని అన్నిటికన్నా ముఖ్యం. అమ్మేవాడు మంచి ఏడాదిలో చూపిస్తాడు. మీరు చెడ్డ ఏడాదిలో చూడాలి. 2015లో వానలు లేక చెరువులు ఎండిపోయాయి. ఆ తర్వాతి ఎండాకాలం, అంటే 2016 మార్చి, ఏప్రిల్ చిత్రాల్లో ఆ సర్వే నంబరులో పచ్చదనం ఉందంటే ఆ బోరును నమ్మవచ్చు. నది పక్క భూమి అయితే వరద ఏడాది చూడండి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపూర్ వైపు ఊళ్లు మునిగాయి. ఆ తర్వాతి చిత్రాల్లో ఒండ్రు, ఇసుక మేట వేసిన హద్దు పట్టుకుంటే నీళ్లు ఎందాకా వచ్చాయో తెలుస్తుంది.

లాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, అంత స్పష్టంగా ఉండవు గానీ చెరువు పెద్దదా చిన్నదా, ఆయకట్టు ఎంత అన్నది తెలుస్తుంది. ఇంకా వెనక్కి పోవాలంటే అమెరికా వాళ్ల కరోనా గూఢచార ఉపగ్రహాల ఫోటోలు ఉన్నాయి. 1960 నుంచి 1972 దాకా తీసినవి, 1995లో రహస్యం ఎత్తేశారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వారి వెబ్‌సైట్ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో మీ ఊరి చోటు పెట్టి వెతకండి. స్కాన్ చేసినవి ఉంటే ఉచితంగా దిగుతాయి, లేకపోతే డబ్బు కట్టి చేయించుకోవాలి. నలుపు తెలుపు ఫోటోలే అయినా, పూడిపోయిన కుంటలు, చెడిపోయిన కత్వలు (వాగుకు అడ్డంగా కట్టిన చిన్న కట్టలు), చదును చేసిన ఒర్రెలు (చిన్న వాగులు) వాటిలో బతికి ఉంటాయి.

బోరు వేసేముందు

గ్రానైట్ నేలలో నీళ్లు పగుళ్లలో ఉంటాయి. పగులు పైకి కనిపించకపోయినా దాని జాడ చిత్రంలో పడుతుంది. గెట్లతో సంబంధం లేకుండా మూడు నాలుగు చెల్కలు దాటి సూటిగా పోయే చెట్ల వరస, ఎండాకాలంలోనూ కొంచెం ముదురుగా ఉండే గీత, వాగు అకస్మాత్తుగా కొలబద్ద పెట్టి గీసినట్టు సూటిగా మారిన చోటు. ఇవి గీసుకోండి. రెండు గీతలు కలిసే చోటు మిగతా చోట్ల కన్నా మెరుగు.

నల్లటి రాళ్లతో మైళ్లకొద్దీ సూటిగా సాగే సన్నటి గుట్టల వరసలు కూడా చూస్తారు. అవి డోలరైట్ డైకులు. గ్రానైట్ పగుళ్లలోకి కరిగిన రాయి ఎక్కి గట్టిపడ్డది. భూమి లోపల అవి కట్టలా అడ్డం నిలబడతాయి. నీళ్లు ఎగువ పక్కన ఆగుతాయి, దిగువ పక్కన తక్కువ. మన పాతతరం వాళ్లు ఇలాంటి వరసను వాగు కోసిన సందులో కట్ట పోసి చెరువు చేసిన చోట్లు పైనుంచి చూస్తే ఎన్నో కనిపిస్తాయి. ఏ ఫోటోలూ లేకుండా కాలినడకన తిరిగి ఆ సందు పట్టుకున్నవాళ్లను తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

భువన్‌లో 1:50,000 స్కేలులో భూగర్భ జల అవకాశాల మ్యాపులు ఉన్నాయి. మీ గీతలను వాటితో సరిచూసుకోండి. ఆ తర్వాత జియాలజిస్టుతో పరికరం పెట్టి చూపించుకోండి. నీళ్లు పడ్డాక మంచివేనా కాదా అన్నది మాత్రం ఏ చిత్రమూ చెప్పదు. మర్రిగూడ, మునుగోడు వైపు మన తరాలు ఫ్లోరైడ్‌తో పడ్డ బాధ తెలిసిందే. తాగడానికైతే పరీక్ష చేయించకుండా నోట పెట్టుకోవద్దు.

ఫోటో చేతబట్టి నడవండి

ఇంట్లో కూర్చుని గీసిందంతా అనుమానాల పట్టిక. రంగు మారిన చోటల్లా హద్దు గీసి 1, 2, 3 అని నంబర్లు వేసి, అచ్చు తీసుకుని పొలానికి పొండి. ఎత్తు నుంచి పల్లానికి ఒక వరసలో నడవండి, గెట్టు వెంట కాదు. ప్రతి నంబరు దగ్గరా ఆగి గడ్డపారతో తవ్వండి. లోతు, రంగు, రాయి, తేమ రాసుకోండి. గుప్పెడు మన్ను తడిపి పాములా చేసి చూడండి. విరిగిపోతే ఇసుక ఎక్కువ, వంగి ఉంగరంలా అయితే బంకమన్ను.

మట్టి పరీక్షకు నమూనా కూడా ఈ నంబర్ల ప్రకారమే తీయండి. మామూలుగా చెల్కంతా కలిపి ఒకటే సంచి ఇస్తారు, దాంతో మంచి మన్నూ చెడ్డ మన్నూ కలిసి సగటు ఫలితం వస్తుంది. ఆ సగటు మీ చెల్కలో ఎక్కడా ఉండదు. ఒక్కో నంబరులో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు వరకు వి ఆకారంలో తవ్వి, అంచు మన్ను గీకి, కలిపి, అరకిలో వేరే సంచిలో పెట్టండి. పెంట కుప్ప పోసిన చోటు, చెట్టు నీడ, గెట్టు పక్కన తీయొద్దు.

ఒక పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. మా చెల్కలోనే వేపచెట్లూ తాటిచెట్లూ ఒక వరసలో అడ్డంగా పోతుంటే అది పగులే అనుకున్నాను. పెద్దనాన్న ఫోటో చూసి, "అది ఒర్రె పోయిన తొవ్వరా. మా నాయిన చదును చేసిండు, చెట్లు మాత్రం కొట్టనియ్యలె" అన్నాడు. తర్వాత వెతికితే ఆ గీత పైకి పోయి తెగిపోయిన ఒక కత్వ దగ్గర ఆగింది.

డ్రోన్ ఎగరేస్తే

పెళ్లి ఫోటోలు తీసే డ్రోన్‌తోనే పని జరుగుతుంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ మాత్రం ఉండాలి. జోన్ ఏదో ప్రభుత్వ మ్యాపులో చూసుకోండి. సాగర్, శ్రీశైలం డ్యాముల వైపు, అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు ఎగరేయకండి. చుట్టుపక్కల రైతులకు ముందే చెప్పండి, చెప్పకుండా ఎగరేస్తే భూముల తగాదా ఏదో మొదలైందని టెన్షన్ పడతారు.

నాలుగు మూలల్లో, మధ్యలో సున్నంతో పెద్ద ప్లస్ గుర్తులు వేయండి. ఫోటోలు ముందుకు 75, 80 శాతం, పక్కలకు 65, 70 శాతం కలిసేలా తీయండి. పంట, మట్టి కోసమైతే మధ్యాహ్నం, ఎత్తుపల్లాలు చూడాలంటే పొద్దున్నే. వెబ్ఓడీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ అతికి ఒకే చిత్రం చేస్తుంది. దాన్ని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరవొచ్చు.

గెట్టు తగాదాకు ఫోటో పట్టుకెళ్లకండి

క్యూజీఐఎస్‌లో ఊరి నక్షను చిత్రం మీద పరచవచ్చు. చెరువుకట్ట కొనలు, డొంకలు కలిసే చోట్లు, మూడూళ్ల సరిహద్దు రాయి లాంటి మారని గుర్తులు కనీసం ఐదారు, నక్ష నలుమూలలా ఉండేలా తీసుకోవాలి. సర్వే నంబరు సుమారుగా ఎక్కడుందో తెలుస్తుంది. సుమారుగానే. ఉచిత చిత్రాలు నేలమీద కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు, పాత నక్ష కాగితం సాగి ఉంటుంది. మన గెట్టు తగాదాలు మూరలో, గజంలో ఉంటాయి. హద్దు తేల్చాలంటే మీసేవలో ఎఫ్-లైన్‌కు, అంటే హద్దుల కొలతకు, అర్జీ పెట్టి, సర్వేయరుతో టిప్పన్ (సర్వే నంబరు పాత కొలతల పటం) ప్రకారం కొలిపించుకోవాలి. ఫోటో చూపించి అన్నదమ్ములతో కొట్లాట పెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఇది గట్టిగా చెబుతున్నాను.

చివరగా దాచుకునే పద్ధతి. ప్రతి చిత్రానికీ ఊరు, సర్వే నంబరు, తేదీ పేరుగా పెట్టండి. మీరు గీసిన హద్దులు, తవ్విన చోట్ల లోతులు, పెద్దలు చెప్పిన మాటలు ఒకే నోటుబుక్కులో నంబర్ల వారీగా రాయండి. మా పెద్దనాన్న నోటుబుక్కు పట్టా పాసుపుస్తకం ఉన్న సంచిలోనే ఉంటుంది. కిందటి మే నెలలో దాంట్లో నాలుగో చిత్రం అంటించాం. కొడవలి పట్టీ పక్కన, తూర్పు వైపు, కొత్తగా ఇంకో పాలిపోయిన మరక మొదలైంది. దానికి 7 అని నంబరు వేశాం, ఇంకా తవ్వలేదు.